గతుకుల కరెంటు

కల్వకుర్తి నుంచి మా ఊరికి వచ్చే రోడ్డుకు దయచేసి ఎవరూ తారు వేయకండి! అది రోడ్డు కాదు, పవర్ హౌస్. నమ్మరా? అయితే మా గాలయ్య సంగతి వినండి.

పోయిన ఎండాకాలం మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అప్పటికి గాలయ్య వరి పొట్ట మీద ఉంది, మోటారు ఆగి మడి నెర్రెలు విచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మోసుకుపోవడం మా దగ్గర రైతుల పనే. ట్రాక్టర్‌లో వరిగడ్డి పరుపు వేసి, బాలింతను తీసుకుపోయినంత పదిలంగా కల్వకుర్తికి చేర్చారు.

రిపేరయ్యేదాకా చాయ్ హోటల్లో కూర్చున్న గాలయ్య చెవిన రేడియో ఒక మాట వేసింది. అదిరే వస్తువు నుంచి కరెంటు తీయవచ్చునట! తీగచుట్టలో అయస్కాంతం ఆడితే చాలునట!

గాలయ్యకు ఒళ్లు పులకరించింది. అదురులో మా రోడ్డును మించింది ఎక్కడుంది? బస్సెక్కిన పాలు దిగేసరికి వెన్నవుతాయి. పోయినేడు మా ఊరి జన్నత్ బీ కట్టుడుపళ్లు ఒక గుంత దగ్గర ఎగిరిపోయి, ఇంకో గుంత దగ్గర మళ్లీ ఆమె నోట్లోనే పడ్డాయి!

పాత స్పీకర్ అయస్కాంతం, కాలిన మోటారు తీగ, పైపు ముక్క, టార్చి బల్బు. అన్నీ రిపేరు షాపులోనే ఏరి, కలిపి ట్రాన్స్‌ఫార్మర్‌కే కట్టాడు. తిరుగు ప్రయాణంలో బల్బు మినుకుమంది, అంతే. లోపం ఎక్కడుందో గాలయ్యకు ఇట్టే తట్టింది. గడ్డి! అదురంతా అదే మింగుతోంది.

"గాలయ్య మామా, గడ్డెందుకు గుంజుతున్నవ్?" అని డ్రైవర్ తాజుద్దీన్ అరిచాడు.

"కరెంటుకు అడ్డమొస్తాంది తాజూ! నువ్వు గుంతలు తప్పియ్యకు. జర చూసి మరీ ఎక్కియ్యి!"

తాజుద్దీన్ ఒక్క గుంతనూ వదల్లేదు. ఆ బల్బు వెలుగుకు పట్టపగలే కోళ్లు మళ్లీ తెల్లారిందనుకుని కూశాయి!

ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను దిమ్మె మీదికి ఎక్కిస్తుంటే లోపల ఏదో గలగలమంది. ఫ్యూజు పెట్టగానే ఢాం!

గాలయ్య భార్య నర్సింగమ్మ ఆ బల్బును తిప్పి తిప్పి చూసింది. "మస్తుగున్నది. తీస్కపోయి మడిల పాతు. వరి గీ దీపం చూస్కుంట సస్తది."

మళ్లీ కల్వకుర్తి. ఈసారి నర్సింగమ్మే ట్రాక్టరెక్కి గడ్డికి కాపలా కూర్చుంది. ట్రాన్స్‌ఫార్మర్ చెక్కుచెదరకుండా వచ్చింది. గాలయ్య దండం పెట్టుకుని మోటారు బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. పైనుంచి లైన్లోనే కరెంటు లేదు. ఎప్పుడొస్తుందని అడిగితే లైన్‌మన్ ఆకాశం వైపు చూశాడు.

పెద్దలారా, అందుకే వేడుకుంటున్నాను. కోత లేకుండా మాకు అందుతున్నవి ఆ గతుకులొక్కటే. వాటినీ పూడిస్తే ఇంకేం మిగులుతుంది?

గడ్డి మిగులుతుందనుకోండి. గాలయ్య వరి గింజ పట్టకముందే ఎండి గడ్డి అయింది. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ ఎప్పుడు కాలినా ఫికర్ లేదు, పరుపు సిద్ధం!