కృపారావు గారి బూటబుల్ భాగ్యం

అయ్యలారా, అమ్మలారా! ఈ లోకంలో నిజాయితీగల వస్తువు ఒక్కటే మిగిలింది. అది మొరాయించిన కంప్యూటర్‌ని లేపే బూటబుల్ పెన్ డ్రైవ్!

నవ్వకండి. రోడ్డు కాంట్రాక్టరు ముందుగా చెప్పి గోతులు మిగులుస్తున్నాడా? పెళ్ళిళ్ళ పేరయ్య ముందుగా చెప్పి ముంచుతున్నాడా? ఇదొక్కటే "నాలో ఉన్నదంతా తుడిచేస్తాను, ఓకేనా?" అని మర్యాదగా అడుగుతుంది. ఓకే అనేది మనమే.

నెల్లిమర్లలో ఒక చర్చి సెక్రటరీ కృపారావు గారూ అలాగే అన్నారు. వార్షికోత్సవం రేపనగా చర్చి కంప్యూటర్ నీలం తెర చూపించి మొండికేసింది. బాప్తిస్మాల రిజిస్టరంతా దాని కడుపులోనే! శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసే మేనల్లుడు ప్రకాష్‌కి ఫోన్ కొట్టారు.

"బయపడకు మావా! ఇంకో లేప్‌టాప్‌లో ఎట్టి పెన్ డ్రైవుని బూటబుల్ సేసీ. దాంతో ఇది లేస్తాది. ఖాళీది ఉన్నాదా?"

"ఉన్నాదిరా!"

ఖాళీ అంటే కృపారావు గారి లెక్క చర్చి బెంచీ లెక్క. కాస్త జరగండమ్మా అంటే ఇంకొకరికి చోటు దొరకదా? ఆంప్లిఫయరుకున్న పెన్ డ్రైవు పీకారు. అందులో క్వయిర్ పాటలున్నాయి. ఉంటే ఏం, సర్దుకోవా?

ఆ పాటలు పట్నం గాయకులు పాడినవి. నాలుగేళ్ళుగా అవి మోగుతుంటే మన క్వయిర్ పెదాలు కదుపుతోంది. అంతకుముందు మొదటి వరసలో నిలబడి పాడింది కృపారావు గారి భార్య జ్ఞానసుందరి. "నీ శ్రుతి ట్రాక్‌కి కలవడం లేదు" అని ఆవిణ్ణి వెనక బెంచీకి పంపింది సాక్షాత్తూ సెక్రటరీ గారే! ఆనాటి నుంచి ఆవిడ వంటింట్లో కూడా కూనిరాగం తీయలేదు. అలా పంపమన్న చర్చి కమిటీ మాట కాదనలేకపోయినందుకు ఆయన లోలోపల కుమిలిపోతూనే ఉన్నారు.

లేప్‌టాప్ తెర మీద ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వచ్చింది. మర్యాదగా అడిగినవాణ్ణి కాదనే మనిషా ఆయన? ఓకే నొక్కేశారు. కాసేపటికి కంప్యూటర్ లేచి కూర్చుంది, పెన్ డ్రైవు మళ్ళీ ఆంప్లిఫయరెక్కింది. హల్లెలూయ!

ఆదివారం. అతిథులొచ్చారు. తెల్లచీరల్లో క్వయిర్ నిలబడింది. మైకు చూసే థామస్ బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"సెక్రటరీగారో! ఒక్క పాటా నేదు!"

కృపారావు గారికి ముచ్చెమటలు పోశాయి. క్వయిర్ నోళ్ళు తెరిచే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. అంతలో వెనక బెంచీలోంచి జ్ఞానసుందరి లేచింది.

"ఏటలా సూస్తన్నారు? నోళ్ళు ఇంటికాడ ఎట్టీసి వొచ్చీసినారేటి?"

అని పాట ఎత్తుకుంది. ఆడవాళ్ళది ఒక శ్రుతి, మగవాళ్ళది ఇంకొకటి. తాళం ఎవరిది వాళ్ళదే. కానీ చర్చి పైకప్పు ఎగిరిపోయేలా పాడారు! కృపారావు గారు జేబురుమాలు తీసి చెమట తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నారు.

సోమవారం కమిటీ కూర్చుంది. జ్ఞానసుందరి గారికి ఏకగ్రీవంగా కృతజ్ఞతలు తెలిపింది. ఇలాంటి ప్రమాదం మళ్ళీ జరగకుండా పాటలు పట్నం నుంచి మళ్ళీ తెప్పించి రెండు పెన్ డ్రైవుల్లో ఎక్కించి, ఒకటి బీరువాలో పెట్టి తాళం వేయాలని అంతే ఏకగ్రీవంగా తీర్మానించింది.

తాళంచెవి సెక్రటరీ గారికే అప్పగించారు. ఆయన ఇంటికొచ్చేసరికి వంటింట్లో పోపు చిటపటల మధ్య సన్నగా పాట వినిపిస్తోంది. గుమ్మంలోనే నిలబడి విన్నారు. తర్వాత పెరట్లోకి వెళ్ళి, గొంతు తగ్గించి ఫోన్ చేశారు.

"ఒరే ప్రకాషూ! ఆ బూటబుల్ అన్నావు సూడు... ఒక్కపాలే రెండు సెయ్యొచ్చేటి?"