తొమ్మిది శాతం మనిషి

ఏది మనిషి రాసిందో, ఏది మర రాసిందో తేల్చే బాధ్యతను మానవజాతి ఎట్టకేలకు మదీనాగూడలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల మూడో అంతస్తుకు అప్పగించింది. మానవ రచనా నిర్ధారణ సంఘం అక్కడే ఉంది. (లిఫ్టు రెండో అంతస్తు దాకానే.) విద్యార్థుల వ్యాసాలన్నిటినీ సంఘం తరఫున ఒక సాఫ్ట్‌వేర్ చదువుతుంది. అధ్యాపకులు స్వయంగా చదివితే పక్షపాతం చొరబడుతుందని మూడో నిబంధన ఆ పనిని నిషేధించింది. ఈ నిబంధనను అధ్యాపకులు ఏకగ్రీవంగా స్వాగతించారు.

బీకాం రెండో సంవత్సరం చదువుతున్న భార్గవి 'నాకు నచ్చిన వ్యక్తి' అనే తెలుగు వ్యాసంలో తండ్రి నారాయణప్ప గురించి రాసింది. తొంభై ఒక్క శాతం యంత్ర రచన అని తేలింది. కారణాలు రెండు. అక్షరదోషాలు లేవు. తండ్రి మీద ప్రేమ ఐదు పేజీల్లో ఎక్కడా తగ్గలేదు.

"నువ్వే రాసినట్టు తేలాలంటే, ఆ వ్యాసంల ఉన్న మనిషే వచ్చి, మొత్తం చదివి, నిజమేనని సంతకం చెయ్యాలె" అన్నాడు సంఘం క్లర్కు రాజేందర్.

బాలానగర్‌లో ఇరవై ఏళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్న నారాయణప్పకు సంతకం చేయడం తప్ప చదవడం, రాయడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. రోజూ పొద్దున్నే పేపరు ముందేసుకుని, "ఏం పాపా, ఈపొద్దు ఏముందో సెప్పు. నేను సదివిందీ నువ్వు సదివిందీ సరిపోతుందేమో సూద్దాం" అంటాడు. భార్గవి చదివి చెబుతుంది. ఆయన తలూపుతాడు. పదేళ్లుగా ఆమె ఏమీ ఎరగనట్టే ఉంది. ఎలాగూ ఆయన కంట పడదు కదా అని, వ్యాసం మూడో పేజీలో మాత్రం ఆ సంగతే రాసింది.

"మా నాయన్ని పిలవకుండా వేరే దారి లేదా అన్నా?"

"ఎందుకు లేదమ్మా? ఫెయిలైతే అయిపోతది. దానికి సాక్షి గిట్ల అక్కర్లేదు."

నారాయణప్ప ఒక పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఇద్దరు సభ్యుల మధ్య కూర్చున్న సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరరావు కాగితాలు ఆయన ముందుకు జరిపాడు. "తొందరేం లేదండి. నిదానంగా చదవండి."

నారాయణప్ప జేబు తడుముకున్నాడు. "కండ్లద్దాలు ఇంటికాడ మర్సిపోయినా సార్."

"పర్వాలేదండి. మా రాజేందర్ పైకి చదువుతాడు."

రాజేందర్ కాగితాలు అందుకున్నాడు. భార్గవి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. అతను పేజీలు లెక్కపెట్టి నిట్టూర్చాడు. "ఐదున్నయ్ సార్. లంచ్ టైమైంది."

"ఇట్లియ్యప్పా, నేనే సదువుకుంటా" అన్నాడు నారాయణప్ప.

ఆయన చూపు వరుస వెంట వరుసగా కదిలింది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. భార్గవి నేల చూపులు చూస్తోంది. మూడో పేజీ దగ్గర ఆయన ఆగి, మెల్లగా నవ్వి, తల పంకించాడు.

"ఆ నవ్వు రాసుకో రాజేందర్. మానవ స్పందన అది" అన్నాడు అధ్యక్షుడు.

ఐదో పేజీ అయింది. "ఒక్క మాట గూడా అబద్ధం ల్యాదు సార్" అని నారాయణప్ప తన ఒక్కగానొక్క సంతకాన్ని పొందికగా పెట్టాడు. భార్గవి కళ్లు తుడుచుకుంది. (అదీ నమోదైంది.)

'పూర్తిగా చదివితిమి, నూరు శాతం మనిషి రచన' అన్న ముద్ర కింద సంఘ సభ్యులు ముగ్గురూ సంతకాలు చేసి భోజనానికి లేచారు. భార్గవి రాసిన ఆ వ్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది, ఇప్పటివరకు, సాఫ్ట్‌వేర్ ఒక్కటే.