విద్యార్థి నంబరు ఇరవై

"ఆర్థిక అక్షరాస్యత లేని పట్టా, అడుగు లేని బిందె!"

రియాద్‌లోని ఆ విశ్వవిద్యాలయం ప్రపంచానికి ఇలా ప్రకటించింది. అరబ్బీలో, ఇంగ్లీషులో, ముప్పై అడుగుల బ్యానరు మీద, గ్రంథాలయం ముందు! ఆ బ్యానరు కట్టినవాడు దేవన్న. రెండు భాషలూ చదవడం రాక మొదట తలకిందులుగా కట్టాడు. గంట తర్వాత ఎవరో చూసి అరిచేదాకా బిందెకు అడుగు పైన ఉండిపోయింది.

దేవన్నది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర ఒక పల్లె. పదకొండేళ్లుగా ఓ కాంట్రాక్టు కంపెనీ తరఫున ఆ ప్రాంగణంలోనే పని. అక్కడ ఉండటానికిచ్చే అతని ఇకామా కార్డులో 'క్లీనర్' అని ఉంటుంది గాని, ఏసీ ఫిల్టర్లు కడగడం, కుర్చీలు మొయ్యడం, మైకులు సర్దడం, అన్నీ అతనివే. జీతం పదకొండు వందల రియాళ్లు. అది వచ్చి మూడు నెలలైంది. సూపర్‌వైజర్‌ని ఎప్పుడు అడిగినా "బుక్రా" అంటాడు. ఆ అరబ్బీ మాటకు నిఘంటువులో అర్థం 'రేపు'. కంపెనీలో అర్థం 'ఇవాళ కాదు'.

గల్ఫ్ నుంచి ఊరికి డబ్బులు పంపినవాళ్లు లక్షల మంది. ఊరి నుంచి గల్ఫ్‌కు తెప్పించుకున్న ఘనుడు మాత్రం దేవన్నే! భార్య ముత్యవ్వ బీడీలు చుట్టి కూడబెట్టిన ఆరువేల రూపాయలు, సెలవు నుంచి తిరిగొస్తున్న తోటి పనివాడు లక్ష్మణ్ చేతికిచ్చి పంపింది. మెస్సులో ఆ నెల బాకీ అట్లా తీరింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే విశ్వవిద్యాలయానికి విద్యార్థుల ఆర్థిక శ్రేయస్సు గురించి దిగులు పట్టుకుంది. దిగులు పడటానికి ఒక కేంద్రం పెట్టారు. దానికి డైరెక్టరు ఉర్దూ మాట్లాడే డాక్టర్ ముజాహిద్. కో-ఆర్డినేటరు కాకినాడ కుర్రాడు ఉదయకిరణ్. 'పొదుపు, అదుపు, మదుపు' అన్నది అతని మంత్రం. దాన్ని అతను వాయిదాల మీద కొన్న కారులో తిరుగుతూ ప్రచారం చేసేవాడు.

కేంద్రం పెట్టాక సర్వే పెట్టాలి గదా! గురువారం సాయంత్రానికి మూడు వందల మంది విద్యార్థులు ఫారాలు నింపాలి. పన్నెండు వేల మందికి పంపితే పంతొమ్మిది మంది నింపారు. వాళ్లలో పదకొండు మంది సలహాల గడిలో ఒకే సలహా రాశారు: "కాఫీ కూపన్ ఎప్పుడిస్తారు?"

గురువారం ఉదయం ఉదయకిరణ్ స్టోర్ రూములోకి వచ్చి తలుపు మూశాడు.

"దేవన్న గారూ!"

దేవన్న వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. తననే అని తెలిసేసరికి చీపురు జారిపోయింది. రెండేళ్లుగా ఉదయకిరణ్ నోట 'ఒరే దేవన్నా, నువ్వు ఆ కుర్చీ తియ్' తప్ప వేరే మాట విన్నవాడు కాదు.

"చిన్న హెల్ప్ చెయ్యాలండి. మీ కంపెనీ వాళ్లు ఇక్కడ ఎంతమంది ఉంటారు?"

"నాతోని కలిపి రెండొందల ఎనబై ఒక్కరు సార్. మొన్న జీతాల కోసం అర్జీ రాసేటప్పుడు లెక్కవెట్టిన."

ఉదయకిరణ్ వేళ్ల మీద కూడి గాలిలోకి ఎగిరాడు. "ఎగ్జాక్ట్‌గా మూడొందలు! ఇవాళ్టికి మీరంతా స్టూడెంట్సండి!"

"అబద్ధం గాదా సార్?"

"అబద్ధం ఏవిటండీ! మనిషన్నవాడు జీవితాంతం విద్యార్థే. మీరు రోజూ క్యాంపస్‌కి వస్తారా, లేదా?"

"దినాం పన్నెండు గంటలుంట."

"అంత అటెండెన్స్ ఏ స్టూడెంటుకీ లేదండి!"

అట్లా దేవన్న విద్యార్థి నంబరు ఇరవై అయ్యాడు. ప్రశ్నలు ఉదయకిరణ్ చదివాడు, జవాబులు దేవన్న చెప్పాడు, గుర్తులు ఉదయకిరణ్ పెట్టాడు.

"అనుకోకుండా రెండు వేల రియాళ్ల ఖర్చొస్తే ఏం చేస్తారు?"

"మావోళ్లంత కలిసి చీటీ ఏస్తం. అది ఎత్తుకుంట. లేకుంటే ముత్యవ్వ ఇంకిన్ని బీడీలు జేస్తది."

'అత్యవసర నిధి: ఉంది. కుటుంబ సహకారం: అద్భుతం.'

"చక్రవడ్డీ అంటే?"

దేవన్న నవ్వాడు. "వీసా కోసం మూడు లచ్చలు తెచ్చిన సార్, మూడ్రూపాల మిత్తికి. మిత్తి గట్టకుంటే మిత్తికి మిత్తి. అసలు గట్టిన్నాడు అసలెంతనో మర్శిపోయిన."

ఎంబీయేలో సగం సెమిస్టరు విన్నా ఉదయకిరణ్ బుర్రకెక్కని సంగతి అరనిమిషంలో ఎక్కింది. తన కారు వాయిదా కూడా గుర్తొచ్చింది.

"పోయిన నెల అనవసరంగా ఏమేం కొన్నారు?"

"ఏం కొనలె."

"ఒక్కటి కూడా?"

"పైసలిస్తే గద సార్ కొనేది!"

'ఖర్చుపై నియంత్రణ: అత్యుత్తమం.' నూటికి నూరు!

"పొదుపు, అదుపు, మదుపు సరే సార్," అన్నాడు దేవన్న లేస్తూ, "కుదుపు సంగతి మీ ఫారంల లేదేంది?"

మిగతా రెండు వందల ఎనభై మంది ఫారాలూ అట్లాగే నిండి, సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. కేంద్రం పుట్టకముందు, గత సంవత్సరం నలభై ఒక్క మార్కుల దగ్గర మూలుగుతున్న విద్యార్థుల ఆర్థిక అక్షరాస్యత, ఒక్క బ్యానరుతో తొంభై నాలుగుకు లేచింది! గ్రాఫు చూసి డాక్టర్ ముజాహిద్ కళ్లు చెమర్చాయి. "మాషాఅల్లా! ఆ నూటికి నూరు తెచ్చుకున్న అబ్బాయిని చూడాలి" అన్నాడు. ఫలితాలు చూడ్డానికి పిలిచిన అతిథులు కూడా చూస్తామన్నారు. బహుమానం కూడా ప్రకటించేశారు.

మరుసటి వారం ఆ 'అబ్బాయి'కి నల్ల గౌను తొడిగి వేదిక ఎక్కించారు. అబ్బాయి మీసం నెరిసి ఉంది. "ఈవెనింగ్ బ్యాచ్" అని ఉదయకిరణ్ అతిథుల చెవుల్లో వేశాడు. కాఫీ ఇస్తామంటే వచ్చిన విద్యార్థులతో హాలు నిండిపోయింది. దేవన్న ముందుగా మైకు తీగ సరిగ్గా పెట్టుకున్నాడు, అలవాటు కొద్దీ. తర్వాత తనకొచ్చిన ఉర్దూలో మొదలుపెట్టాడు.

"నాకు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. చేతిలో లేనిది ఖర్చు కాదు."

డాక్టర్ ముజాహిద్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. "ఇతను తన ఆదాయాన్ని మూడు నెలలు ముట్టుకోడు!"

చప్పట్లు.

"నేను దాచుకోవడం లేదు సాబ్. వాళ్లు ఇవ్వడం లేదు!"

"సొమ్మును సంస్థ దగ్గరే భద్రంగా ఉంచుతాడట! ఎంత విశ్వాసం!"

హాలంతా లేచి నిలబడింది. దేవన్న గొంతు చించుకుని "మాకు తిండి ఎట్లా?" అని అడిగాడు. అది ఉపవాస మహిమగా అనువాదమైంది. గాజు జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టి, ఫొటో తీసి, మళ్లీ తీసేసుకున్నారు. ఫొటోలకు ఒకటే జ్ఞాపికట.

అంతటితో ఆగితే అది విశ్వవిద్యాలయం ఎందుకవుతుంది! వారం తిరక్కుండా ఆదేశం వెలువడింది: 'విద్యార్థుల్లో పొదుపును పెంపొందించు నిమిత్తం, ఇకపై వారికి విశ్వవిద్యాలయం ఇచ్చు నెలవారీ భత్యం మూడు నెలలకొకసారి చెల్లించబడును.' దాని పేరు 'దేవన్న పద్ధతి'.

ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదికి విద్యార్థుల ఖాతాల్లో భత్యం పడలేదు. పదింటికి కాఫీ దుకాణాలు బోసిపోయాయి. పదకొండింటికి ఒక విద్యార్థి కారులో పెట్రోలు లేక కారునే తరగతికి రాని కారణంగా రాసి పంపాడు. పన్నెండింటికి వందల మంది కేంద్రం తలుపు ముందున్నారు. మధ్యాహ్నం రెండింటికి అత్యవసర సమావేశం!

"విద్యార్థి సొమ్ము ఒక్క పూట ఆపినా అది అన్యాయం!" డాక్టర్ ముజాహిద్ బల్ల గుద్దాడు. "మనిషి గౌరవానికే దెబ్బ! ఈ పూటే చెల్లిస్తాం. సొమ్ము ఆలస్యమైన ప్రతి విద్యార్థీ కౌంటరు దగ్గర పేరు రాయించుకోవచ్చు."

హాలు మూల నిచ్చెన మీద ఏసీ ఫిల్టరు బిగిస్తున్న దేవన్న ఆ ఉర్దూ యాస ఇంగ్లీషులో 'స్టూడెంట్', 'లేట్', 'కౌంటర్' అన్న మూడు మాటలు పట్టుకున్నాడు. చాలు! నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, ఫోను తీసి లక్ష్మణ్‌కు చెప్పాడు. "అందర్నీ తోల్కరా. ఒక్కరు గూడ ఆగద్దు."

అరగంటలో కౌంటరు ముందు నీలం యూనిఫారాల బారు తోటదాకా పాకింది. గొడవ విని డాక్టర్ ముజాహిద్ బయటికొచ్చాడు.

"మీరెవరు?"

"విద్యార్థి నంబరు ఇరవై సాబ్. వీళ్లు ఇరవై ఒకటి నుంచి మూడు వందల దాకా. మాది ఆలస్యమై తొంభై రెండు రోజులు."

డాక్టర్ ముజాహిద్ ఉదయకిరణ్ వైపు చూశాడు. ఉదయకిరణ్ ఆకాశం వైపు చూశాడు. వీళ్లు విద్యార్థులు కారంటే తొంభై నాలుగు మార్కులు గంగలో కలుస్తాయి. అవునంటే, ఒక్క పూటకే అన్యాయమైనది తొంభై రెండు రోజులకు ఏమవుతుంది? డాక్టర్ ముజాహిద్ గదిలోకెళ్లి తలుపేసుకుని కాంట్రాక్టు కంపెనీకి ఫోను చేశాడు. ఏం మాట్లాడాడో తెలియదు గాని గొంతు మాత్రం తోటదాకా వినిపించింది.

చీకటి పడకముందే రెండు వందల ఎనభై ఒక్క ఫోన్లు టింగుమన్నాయి. మూడు నెలల జీతం! లక్ష్మణ్ దేవన్నను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. దేవన్న కళ్లజోడు సవరించుకుని మెసేజి మళ్లీ చదివించుకున్నాడు. మూడు వేల మూడు వందలు రావాలి. మూడు వేల వందే వచ్చింది. ఒక్కొక్కరికీ రెండు వందలు కోత.

పరుగున ఉదయకిరణ్ దగ్గరికి వెళ్లాడు. "సార్, రెండొందలు ఎందుకు గోసిన్రు?"

ఉదయకిరణ్ కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. "స్టూడెంటన్నాక ఫీజు కట్టవా దేవన్నా? వెళ్లు, వెళ్లి ఆ కుర్చీలు తియ్."

శుక్రవారం బతా బజారులో డబ్బు పంపే కౌంటరు దగ్గర కిక్కిరిసిన జనం మధ్య నిలబడి దేవన్న ముత్యవ్వకు ఫోన్ చేశాడు. పంపిందెంతో చెప్పాడు. ఆమె అవతల బీడీలు చుడుతూనే లెక్క కట్టింది.

"రెండొందల రియాళ్లు తక్వ ఉన్నయేంది?"

"కాలేజి ఫీజు గట్టిన."

"గీ వయసుల సదువా? ఏం నేర్పిన్రు?"

"వాళ్లు నేర్పుడేంది! పైసల సంగతి నేనే నేర్పిన వాళ్లకు, స్టేజీ ఎక్కి. ఫీజు గూడ నాతోనే కట్టిచ్చుకున్నరు."

ముత్యవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది.

"గట్లయితే మంచిగనే నేర్సుకున్నరు తియ్!"