ఇంటింటా ఒక స్పానిష్ రేడియో ఉండవలెను

అమెరికాలో కాపురమున్న ప్రతి తెలుగు కుటుంబమూ అర్జెంటుగా ఒక స్పానిష్ రేడియో స్టేషన్‌ని ఆశ్రయించాలి. అదీ, సిగ్నల్ సరిగ్గా అందనిదై ఉండాలి! నవ్వకండి. ఇది ఊసుపోక చెబుతున్న మాట కాదు, ఇర్వింగ్‌లో పరీక్షించి చూసిన సత్యం.

సాక్షి కొండల్ రావు గారు. సూర్యాపేటలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, కొడుకు రవిశంకర్ ఇంటికి ఆర్నెల్లకని వచ్చారు. ఆయన భార్య నాగమల్లేశ్వరమ్మ, కూతురు మీనాక్షికి పురుడు పోయడానికి నేరుగా చాండ్లర్ వెళ్ళిపోయింది. కొండల్ రావు గారు మాత్రం ఒకే ఒక్క పని పెట్టుకుని ఇర్వింగ్‌లో దిగారు. మనవరాలు రేణుతో కడుపునిండా కబుర్లు చెప్పుకోవాలి. అంతే!

కబుర్లకు ఒక భాష కావాలా వద్దా? రేణుకి తెలుగు రాదు. నేర్పకూడదని ఎవరూ అనుకోలేదు సుమండీ. వచ్చే వీకెండ్ నుంచి తెలుగు క్లాసులో వేద్దామని రవిశంకర్, కోడలు విజయశ్రీ ప్రతి వీకెండూ అనుకున్నారు. అనుకోవడం ఏమైనా తక్కువ పనా? స్పానిష్ విషయంలో మాత్రం ఆలస్యం చేయలేదు. సగం పాఠాలు స్పానిష్‌లో చెప్పే స్కూలును ఏరికోరి వెతికి, కిండర్‌గార్టెన్‌లోనే చేర్పించారు. రేపు కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందట!

మరి తాతగారికి ఇంగ్లీషు రాదా అంటారా? ఎందుకు రాదు! సర్వీసంతా ఫైళ్ళ మీద రాసింది ఆ భాషలోనే కదా. మొదటిరోజు బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఆయన గొంతు సవరించుకుని, "రేణూ, కైండ్లీ టేక్ ది మిల్క్ అండ్ డూ ది నీడ్‌ఫుల్" అన్నారు. తనేం తప్పు చేసిందోనని పాప బిత్తరపోయి తల్లి చాటుకు వెళ్ళింది. పాప ఇంగ్లీషులో గడగడా చెప్పినదానికి ఆయన తల ఊపారు. మెచ్చుకున్నందుకు కాదు, అర్థం కానందుకు.

అప్పుడు బయటికి తీశారు, సూటుకేసులో తువ్వాలు చుట్టి తెచ్చుకున్న బుల్లి రేడియోని. ఇల్లంతా తిరిగారు. హాల్లో బుర్రుమంది, మేడ మీద చిర్రుమంది. చివరికి వంటింటి పక్కన సామాన్లగదిలో, సోనామసూరి బస్తాకీ కందిపప్పు డబ్బాకీ మధ్య నిలబడి ఏరియల్‌ని ఇనుప అరకి ఆనిస్తే, ఒకే ఒక్క స్టేషన్ పలికింది. ఊళ్ళోనే ఎక్కడో ఉన్న చిన్న స్పానిష్ స్టేషన్!

ముందు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒకడు ఊపిరి బిగబట్టి "గో...ల్" అని అరుస్తుంటే, ఎలక్షన్ రిజల్ట్ వచ్చిందనీ, మెజారిటీ బాగానే ఉన్నట్టుందనీ కొడుక్కి చెప్పారు. తర్వాత "గ్రాతిస్" అనే మాట పట్టుబడింది. ఉచితం అన్న మాట ఏ భాషలో చెప్పినా మనవాడి చెవికి వెంటనే తగులుతుంది కదా!

ఓ పొద్దున పాలు తాగుతున్న రేణు ముందు నిలబడి, అడ్వర్టైజ్‌మెంటు గొంతుతో అన్నారు: "బ్వేనోస్ దియాస్, సెన్యోరీతా! యామే అవోరా! గ్రాతిస్! గ్రాతిస్!" శుభోదయం అమ్మాయిగారూ, ఇప్పుడే ఫోన్ చేయండి, ఉచితం, ఉచితం అని! పాపకి ముక్కులోంచి పాలొచ్చాయి. నవ్వి నవ్వి, చేయి పట్టుకుని "తాతా, అగైన్!" అంది. ఇక ఆ రోజు నుంచి ఇద్దరి కాపురమూ సామాన్లగదిలోనే.

ఇక సిగ్నల్ సంగతి. మైక్రోవేవ్ పెడితే చాలు, స్టేషన్ మాయం. అందుచేత విజయశ్రీ చల్లారిన కాఫీ తాగడం నేర్చుకుంది. ఆరోగ్యానికి మంచిదే! మబ్బు పడితే వార్తలు సగమే వచ్చేవి. మిగతా సగం తాతా మనవరాలూ సొంతంగా కల్పించుకునేవారు. ఆ కల్పన రేణు స్పానిష్‌లో మొదలుపెడితే ఆయన సైగలతో ముగించేవారు. అంతా స్పష్టంగా వినబడి ఉంటే, ఇద్దరూ నోరు మూసుకుని వినేవారు కాదూ? ఫుల్ కవరేజ్ ఉన్న ఇళ్ళను చూడండి. తలా ఒక ఇయర్‌బడ్, తలా ఒక గది!

తండ్రి అవస్థ చూడలేక రవిశంకర్ ఖరీదైన హెడ్‌ఫోన్లు కొని, ప్రపంచంలోని తెలుగు చానళ్ళన్నీ ఫోన్‌లో వేసిచ్చాడు. "నాన్నా, ఒక్క గరగర ఉండదు, హాయిగా విను" అన్నాడు. కొండల్ రావు గారు తిప్పితిప్పి చూసి, "మంచిగనే ఉందిరా. గానీ ఇందుల ఒక్కరే వినాలె గదా" అని తిరిగిచ్చేశారు. కొడుకు మీటింగ్‌కి వెళ్ళిపోయాడు.

ప్రయాణం దగ్గరపడింది. వెళ్ళేలోగా రేణు పేరు రేడియోలో మోగించాలని ఆయనకు పట్టుదల వచ్చింది. ఆ స్టేషన్‌లో పొద్దున్నే ఒక అనౌన్సర్ శ్రోతల ఫోన్లు తీసుకుని, కోరిన పాట వేసి, పేర్లు చదువుతాడు. ఆకాశవాణికి కార్డుముక్క రాసి ఇంటిల్లిపాది పేర్లూ చదివించుకున్న తరం కొండల్ రావు గారిది. ఊరుకోగలరా? కొడుకు స్నానంలో ఉండగా ఫోన్ కొట్టారు. తహసీల్దారు ఇంగ్లీషూ రేడియో స్పానిషూ కలిపి తన మనవి ఏదో విన్నవించుకున్నారు. పిల్లలు స్కూళ్ళకు వెళ్ళే వేళకి చదువుతానని అనౌన్సర్ మాటిచ్చాడు.

స్కూలుకు బయల్దేరిన కార్‌లో రవిశంకర్ డ్రైవింగ్, వెనక తాతా మనవరాలూ.

"నాన్నా, నాకు కాల్ ఉంది."

"ఒక్క పూట బందు పెట్టురా. రేడియో పెట్టు."

పెట్టాడు. పేర్లు మొదలయ్యాయి. అయ్యో, రేణు పేరు మొదట చెప్పి ఉండవచ్చు కదా అంటారేమో. ఎలా చెబుతారండీ! శుభలేఖలోనైనా రేడియో కార్డులోనైనా పెద్దల పేర్లు ముందుండాలి, పసిపిల్ల చిట్టచివర. ఆయన సూర్యాపేట నుంచి మొదలుపెట్టారు మరి. అన్నగారు లక్ష్మీపతి, వదినగారు, బావమరిది బ్రహ్మయ్య... నాగమల్లేశ్వరమ్మ దగ్గర అనౌన్సర్ నాలుక మెలిపడింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ! ఇవతల కారు హైవే వైపు దూసుకుపోతోంది. ఫ్లైఓవర్ దాటితే ఆ స్టేషన్ అనేదే లేదు!

"మీనాక్షి" అన్నాడు. గరగర మొదలైంది. "రవిశంకర్" అన్నాడు.

"ఏయ్, నా పేరు!" అన్నాడు రవిశంకర్.

"ఆపురా, కారాపు!"

"ఇక్కడెలా ఆపను నాన్నా?"

"డాడ్, డోంట్ గెట్ ఆన్ ది హైవే! ప్లీజ్!"

రవిశంకర్ చటుక్కున స్టీరింగ్ తిప్పి పక్కనున్న గ్యాస్ స్టేషన్‌లోకి దూరాడు. గరగర తగ్గింది. విజయశ్రీ పేరూ అయిపోయింది. ఆ తర్వాత, గంట కొట్టినట్టు, "రేణు!"

కార్‌లో ఒకటే కేరింతలు. పాప సీట్లో ఎగిరింది, తాత చప్పట్లు కొట్టారు, ఎందుకో తెలియకుండానే రవిశంకర్ హారన్ మోగించాడు.

అనౌన్సర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నెమ్మదిగా, స్పానిష్‌లో. ఈ పెద్దాయన మనవరాలితో మాట్లాడాలని సముద్రాలు దాటి వచ్చారట. తన భాష పాపకు ఎవరూ నేర్పలేదట. అదేమిటని కొడుకును అడగడానికి మొహమాటపడి, మన స్పానిష్ భాష నేర్చుకుంటున్నారట. తప్పులుంటే మన్నించమంటున్నారు.

పాట మొదలైంది. రేణు ఎగరడం మానేసి తాత చేయి పట్టుకుంది. కొండల్ రావు గారు కిటికీలోంచి గ్యాస్ పంపుల వైపు చూస్తున్నారు.

"అంతసేపు ఏం చెప్పాడు రేణూ?" రవిశంకర్ వెనక్కి తిరిగి అడిగాడు.

"యూ వోంట్ గెట్ ఇట్, డాడ్" అంది రేణు. "ఇట్స్ తాతాస్ లాంగ్వేజ్."