మూడుసార్లు పొంగిన పాలు

ఆ పొద్దున ఫోటోగ్రాఫర్ సోమయ్య చేతిలో ఉన్న సరుకు ఇది: పటాన్‌చెరులో ఇరవై రెండేళ్ల స్టూడియో పేరు, కుడి భుజంలో దిగనంటున్న నొప్పి, ఏడు కిలోల పాత కెమెరా సంచి, రెండు కిలోలు దాటని కొత్త మిర్రర్‌లెస్ కెమెరా సంచి. పటేల్‌గూడలో ధాన్యం వ్యాపారి బద్రీనాథ్ గృహప్రవేశాన్ని కొత్తదానితో కానిచ్చి, అటునుంచి అటే పోయి పాతదాన్ని అమ్మేయాలని దాన్ని స్కూటర్ మీదే ఉంచాడు. ఇవాళ్టి ఫోటోలు నచ్చితే వచ్చే నెల సేటు కూతురి పెళ్లి కూడా అతనికే.

బద్రీనాథ్ కొత్త కెమెరాను అరచేతిలో పెట్టుకుని, కందుల నమూనా చూసినట్టు ఎగరేసి చూశాడు.

"ఏంది సోమయ్యా, కిలో గూడ తూగదు?"

"గిప్పుడు అన్నీ గివే సేటూ. తేలిక."

"తూగని గింజను మా దగ్గర తాలు గింజంటరు."

పాలు పొంగాయి. సేటు భార్య అరుణాదేవి గిన్నె పక్కన నవ్వుతూ నిలబడింది. సోమయ్య నాలుగు ఫోటోలు తీశాడు. ఆమె నవ్వు మాత్రం దించలేదు.

"తియ్యవయ్యా, దవడలు గుంజుతున్నయ్!"

"తీసిన అమ్మా."

"మరి సప్పుడేది?" అన్నాడు బద్రీనాథ్.

"దీనికి సప్పుడుండదు సేటూ. ఇగో, సూడుండ్రి."

సేటు తెరలోకి తొంగిచూశాడు. "గిది ఇప్పుడు కనబడే బొమ్మ. పడ్డ బొమ్మ ఏది? మల్ల పొంగియ్యిండ్రి!"

పాయసానికి ఉంచిన పాలు పొయ్యి ఎక్కాయి. ఈలోగా చప్పుడు పెట్టే మీట ఎక్కడుందోనని సోమయ్య వెతికాడు. ఏది నొక్కాడో ఏమో, తెర మీది అక్షరాలన్నీ జపాను భాషలోకి మారిపోయాయి. పాలు రెండోసారీ నిశ్శబ్దంగానే పొంగాయి.

"ఇల్లు ఒక్కటే గదా సేటూ, ఎన్నిసార్లు చేరుతరు? ముహూర్తం దాటుతున్నది," అన్నాడు పంతులు.

మూడోసారి టీ పాలు పోశారు. షిఫ్టుకు పోవలసిన చుట్టాలు నాలుగు బిస్కెట్లు నమిలి, టీ లేకుండానే బొల్లారం కంపెనీ బస్సు ఎక్కారు.

"గీసారి గూడ పడకుంటే," అన్నాడు బద్రీనాథ్, "పెళ్లికి ఇంకోన్ని సూస్కుంట."

సోమయ్య స్కూటర్ దగ్గరికి పరుగెత్తి పాత కెమెరా తెచ్చి మెడకు వేసుకున్నాడు. అమ్మకానికని అందులోని మెమరీ కార్డు పొద్దున్నే తీసేశాడు. అయినా సరే, పాలు పొంగగానే చిన్నదానితో గుట్టుగా తీసి, వెంటనే పెద్దదాన్ని ఎత్తి నొక్కాడు. టక్! టక్! టక్!

ఇల్లంతా ఊపిరి వదిలింది. అరుణాదేవి దవడలు దిగాయి.

"గిదీ ఫోటో తీసుడంటే!" అన్నాడు సేటు.

వారం తర్వాత ఆల్బం తిరగేస్తూ బద్రీనాథ్ పొంగిపోయాడు. "సూసినవా, బరువున్న దాంట్ల ఎంత మంచిగ పడ్డదో! పెళ్లికి గదే తే."

"తెస్త సేటూ," అన్నాడు సోమయ్య. చిన్నది తేనని మాత్రం అనలేదు.

పెళ్లి దక్కింది, అమ్మకం ఆగింది. ఏడు కిలోలు దించుకుందామని బయల్దేరిన సోమయ్య భుజానికి చివరికి తేలింది తొమ్మిది.