కోటు వీపున పట్టురవిక

"తడిసెయ్యేసి ఓపాలి తుడుత్తానంతే. కోటు కరిగిపోద్దేటి మావా?" అంది దోర్కాస్.

"ఉన్ని తడిత్తే మేక కంపు కొడతాదే. దొరసాని ముందర మేకనాగ నిలబడమంతావేటి?" అన్నాడు కృపాదానం.

ఆదివారం పొద్దున్నే ఆ మొగుడూ పెళ్లాల తగువు అదీ. చలికాలపు పొడిగాలికి పెదాలు చిట్లుతున్నాయి. ఇలాంటి రోజుల్లో ఉన్నీ పట్టూ ఒకే పెట్టెలో పడితే ఒకదాన్నొకటి వదలవనీ, తడిచెయ్యి రాస్తే ఊరుకుంటాయనీ దోర్కాస్‌కి తెలుసు. కానీ టెక్కలి మిషను బడిలో మొగుడికి పంతులు ఉద్యోగం రావడం, ఆనాడు మందిరంలో అతను చేసే వాక్యపఠనం మీదే ఆధారపడి ఉంది. అది వినడానికే బడి నడిపే దొరసాని పలాసలో రైలు దిగి వచ్చింది. అందుకని దోర్కాస్ నీళ్లచెంబు పక్కన పెట్టేసింది. అతను చీకట్లోనే పెట్టెలోంచి కోటు లాగి తొడుక్కుని, పైన దుప్పటి కప్పుకుని, విసవిసా ముందు వెళ్లిపోయాడు.

మందిరంలో పేరు పిలవగానే కృపాదానం దుప్పటి తీసి, అందరూ తలలు వంచి బైబిళ్లు తిరగేస్తుండగా వేదిక వైపు నడిచాడు. ఆడవాళ్ల వరసలో దోర్కాస్ కూర్చున్నచోటే సగం లేచింది. అతని వీపుకి అతుక్కుని, చేతులు రెండూ చాచుకుని, తన ఒక్కగానొక్క ఎర్ర పట్టురవిక వెళుతోంది!

అతను ఇటు తిరగగానే ఆమె తన వీపు తట్టి చూపించింది. నిటారుగా నిలబడమంటోందనుకుని అతను రొమ్ము విరిచాడు. ఆమె వేళ్లతో పీకేసినట్టు సైగ చేసింది. అతను తడుముకుని పై గుండీ కూడా పెట్టేసుకున్నాడు.

"వాయువు పట్టేసినాదేటే పిల్లా?" అంటూ పక్కనున్న జీవరత్నమ్మ దోర్కాస్ వీపు దబదబా చరిచింది.

చదవడం మాత్రం ఒక్క తప్పు లేకుండా సాగింది. తీరా పుస్తకం బల్లమీద పెట్టడానికి కృపాదానం వెనక్కి తిరిగాడు. మందిరమంతా గొల్లున నవ్వింది. ఉద్యోగం పోయిందనుకుని దోర్కాస్ కొంగు నోట్లో కుక్కుకుంది.

దొరసాని లేచి రవిక పట్టి లాగింది. అది చిటపటలాడుతూ ఊడి వచ్చింది. దాన్ని అందరికీ ఎత్తి చూపించింది.

"ఎందుకు నవ్వుచున్నారు? విధవరాండ్ర కొరకు బట్టలు ఈయుడని పోయిన నెల అడిగితిని. మీరెవరును తేలేదు. ఈయన వీపున మోసి తెచ్చెను! ఇట్టివాడే మా బడికి పంతులు."

నవ్వులు ఆగిపోయాయి. రవిక విధవరాండ్ర బట్టల బుట్టలో పడింది.

మధ్యాహ్నం ఎండుచేపల పులుసు కలుపుకుంటూ కొత్త పంతులు గంభీరంగా ప్రకటించాడు. "నీ మాటే మాట. ఇకమీదట తడిసెయ్యితో తుడిసినాకే కోటు ఏసుకుంతాను."

"అక్కర్లేదు మావా," అంది దోర్కాస్, ఇంకో గరిటె వడ్డిస్తూ. "పెట్టెలో ఇప్పుడు కోటొక్కటే ఉంది."