మన్ను లేని కుండీ

వేణుమాధవ్ ఆ రోజు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళేలోపు ఒక పూలమొక్కను పాత కుండీలోంచి తీసి కొత్త కుండీలో పెట్టాలి. గోదావరిఖని కాలనీలో అంతకంటే చిన్న పని పెట్టుకుని నిద్ర లేచిన మనిషి ఆ పూట ఇంకొకరు ఉండి ఉండరు.

మొక్క మాత్రం అతనిది కాదు. బొగ్గుబాయి మేనేజరు వామనరావు గారి భార్య విశాలాక్షమ్మ గారిది. ఎవరో చుట్టాలు షిల్లాంగ్ నుంచి తెచ్చిన స్లిప్పర్ ఆర్కిడ్. పువ్వు కింది రేక చెప్పు ముందుభాగంలా, చిన్న సంచిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. బంగ్లా తోటమాలి దాన్ని కూడా బంతిమొక్కతో సమానంగా చూసి, నల్లమట్టిలో పెట్టి రోజూ నీళ్ళు పోశాడు. వేళ్ళు కుళ్ళడం మొదలైంది. ఆదివారమేమో ఆఫీసర్ల క్లబ్బులో పూల ప్రదర్శన. "మీ ఆఫీసులో బాటనీ చదివిన అబ్బాయి ఉన్నాడటగా, అతనికివ్వండి" అన్నారు ఆమె.

ఆ అబ్బాయే వేణుమాధవ్. తండ్రి పోశం బాయిలో బొగ్గు తవ్వి చదివిస్తే డిగ్రీ పూర్తిచేశాడు; ఆ ఇంట్లో అదే మొదటి డిగ్రీ. బాయి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది కానీ ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ కాగితం వామనరావు గారి బల్ల మీద చాలా కాలంగా సంతకం కోసం ఎదురుచూస్తోంది. మొక్క బతికితే సంతకం పెడతానని సార్ అనలేదు. పెట్టనని కూడా అనలేదు. వేణుమాధవ్‌కు ఆ మాత్రం చాలు.

అతను రెండు పుస్తకాలు చదివాడు. ఈ మొక్కకు మట్టి పనికిరాదని రెండూ ఒప్పుకున్నాయి. చెట్టు బెరడు, కట్టెబొగ్గు, కొబ్బరిపీచు, ఇటుక ముక్కలు, సున్నం అందడానికి గుడ్డు పెంకుల పొడి కలపాలి. ఏది ఎంత అన్న దగ్గర మాత్రం రెండు పుస్తకాలకూ పడలేదు. అందుకని ఐదు రకాలుగా కలిపి, నీళ్ళు పోసి, ఏది నీటిని నిలవనివ్వకుండా తడిని మాత్రం ఉంచుకుంటుందో చూడాలనుకున్నాడు. బెరడు బాయి కలప యార్డులో దొరికింది. కట్టెబొగ్గు కోసం ఇస్త్రీ బండి దగ్గర బతిమాలుకోవాల్సి వచ్చింది.

"బొగ్గుబాయిల పనిచేసినోని కొడుకువు, బొగ్గు అడుక్కొచ్చినవారా?" అన్నాడు పోశం, గడప మీద కూర్చుని ఇటుక నలగ్గొడుతూ.

"గది రాక్షసి బొగ్గు బాపూ, గిది కట్టె బొగ్గు."

"మరి మన్నేది?"

"దీనికి మన్ను పడదే."

"మన్ను పడని చెట్టా! గింత నాజూకు మా మేనేజరుకు గూడ లేదు."

వేణుమాధవ్ వంటింట్లో గిన్నెలు కదపగానే అతని భార్య సంధ్యారాణి పెరట్లోంచే అరిచింది. "నా గిన్నెలు ముట్టుకుంటే మంచిగుండది, చెప్తున్న! సదయ్యన్న బిడ్డ పెండ్లిల మిగిలిన దొప్పలున్నయి, గవి తీస్కపో."

క్వార్టరు ముందు ఎండ పడదు. వీధి చివర మూడు తొవ్వలు కలిసే చోట మురుగుకాలువను కప్పిన మోరీ బండ మీద మాత్రం పొద్దున్నే మంచి ఎండ. వేణుమాధవ్ ఐదు ఆకుదొప్పలకు అడుగున చిల్లులు పొడిచి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం మిశ్రమం నింపి, అక్కడ వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో చెంబుతో నీళ్ళు పోసి, కుళ్ళిన వేళ్ళు కోసి పసుపు అద్దడానికి ఇంట్లోకి వెళ్ళాడు. ఆ ఐదు దొప్పలు ఇంకొకరి కంటికి ఎలా కనిపిస్తాయన్నది రెండు పుస్తకాల్లోనూ లేదు.

పాలకు బయల్దేరిన పక్కింటి ముసలమ్మ సారలమ్మ ముందుగా చూసింది. అప్పుడే మొదటి షిఫ్టుకు సైకిలు మీద వస్తున్న సదయ్యకు చెయ్యి అడ్డం పెట్టింది. సదయ్య ఆ వీధికి యూనియన్ లీడరు.

"ఆగు బిడ్డా! అడుగు ముందట వెయ్యకు!"

సదయ్య చూశాడు. మూడు తొవ్వలు. బొగ్గు, కొబ్బరిపీచు, కోడిగుడ్డు పెంకులు, ఎర్రటి పొడి, చుట్టూ పారిన నీళ్ళు.

"నా మీదనే మంత్రం" అన్నాడు, సైకిలు దిగుతూ. "యూనియన్ ఎలక్షన్లున్నయి గద. నన్ను పడగొట్టనీకే చేయించిండ్రు."

"నీకొక్కనికి ఐదు దొప్పలెందుకురా?" అంది సారలమ్మ. "ఐదుగురి మీద చేసిండ్రు."

వెనకొచ్చిన సైకిళ్ళు ఆగాయి. మిగిలిన నలుగురిలో తానొకడినని చాలామందికి వెంటనే అనిపించింది. దాటే ధైర్యం ఎవరికీ లేదు. భూమి కింద అంత లోతుకు దిగి పనిచేసే మనిషి పైన ఒక్క అడుగు వెనకాడితే తప్పు పట్టడం కష్టం. ఒకరు హాజరు గదికి ఫోను చేసి, తొవ్వలో ఆగామన్నారు. హాజరు గది నుంచి ఆఫీసుకు, కార్మికులు తొవ్వ ఆపారని కబురు వెళ్ళింది. తెలంగాణ కోసం బాయిలు కూడా ఆగిన సకల జనుల సమ్మె అయి అప్పటికింకా ఏడాది కాలేదు. కాబట్టి ఆఫీసు నుంచి బంగ్లాకు వెళ్ళేసరికి ఆ మాట సమ్మె అయింది.

గోల విని వేణుమాధవ్ పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ మోచేతుల దాకా పసుపు.

"గవి తొక్కకుండ్రి! నావే!"

అందరి చూపూ ఆ పసుపు చేతుల మీద పడింది.

"నువ్వా వేణూ? సదువుకున్నోనివి!" అన్నాడు సదయ్య.

"సదువుకున్నోడే చేస్తడు" అంది సారలమ్మ. "సదువు రానోనికి మంత్రమెట్ల వస్తది?"

"మంత్రం కాదవ్వా, కుండీల పోసేది."

"కుండీల పోసేదైతే మన్నేది?"

"దీనికి మన్ను పడదు."

"ఇన్నరా!" అంది సారలమ్మ అందరివైపూ తిరిగి. "మన్ను పడనిది దయ్యం గాక ఇంకేముంటది?"

కొడుకును కాపాడాలని పోశం ముందుకొచ్చాడు. "నేను గూడ పొద్దున గదే అడిగిన" అన్నాడు.

ఇక రుజువు చూపించక తప్పదని వేణుమాధవ్ లోపలికెళ్ళి మొక్కను తెచ్చాడు. అది గులాబీయో చామంతో అయితే గొడవ అక్కడితో తీరిపోయేది. ఈ పువ్వుకు పైన పడగలాంటి చారల రేక, రెండు పక్కలా నల్లటి పులిపిర్లు, వాటి మీద వెంట్రుకలు, కింద తెరిచిన నోరు. జనం ఒక్క ఊపున వెనక్కి జరిగారు. వెనక సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"పసుపెందుకు రాసినవ్ దానికి?" అన్నాడు సదయ్య, సైకిలు అడ్డం పెట్టుకుని.

"కోసిన కాడ కుళ్ళకుంట."

"కోసినవా!"

అప్పుడే జీపు వచ్చి ఆగింది. వామనరావు గారు దిగారు. "నోటీసు లేకుండా సమ్మె ఏందయ్యా సదయ్యా?"

"సమ్మె గాదు సార్, మంత్రం."

సంగతి విని వామనరావు గారు పెద్దగా నవ్వారు. "ఇంత పెద్ద బాయి నడుపుతున్నం, దొప్పలకు భయపడుతరా? చూడండి, నేను దాటుతున్న" అని కాలు ఎత్తారు.

"ఆ పువ్వు ఎవరింటిదో అడుగుండ్రి సార్" అంది సారలమ్మ.

వేణుమాధవ్‌కు అబద్ధం ఆడటం రాదు. "మేడం గారిదే సార్" అన్నాడు.

కాలు కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది.

సదయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. "గట్ల చెప్పు! పువ్వు సారింటిదైతే మంత్రం గూడ సారు మీదికే. మనకేం ఫికర్ లేదు. నడువుండ్రి, షిఫ్టుకు ఆల్చమైతాంది!"

పడ్డ సైకిళ్ళు లేచాయి. బెల్లులు మోగించుకుంటూ దొప్పల పక్కనుంచే అందరూ హుషారుగా డ్యూటీకి వెళ్ళిపోయారు. జీపు మాత్రం వెనక్కి తిరిగి, కాలనీ అంతా చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది.

తన ఉద్యోగం పోయిందని వేణుమాధవ్‌కు అర్థమైంది. అయినా ఒప్పుకున్న పని కాబట్టి వంగి దొప్పలు చూశాడు. బెరడు ఎక్కువ, బొగ్గు తక్కువ కలిపిన మూడోది సరిగ్గా ఉంది. దాంతోనే కుండీ నింపి మొక్కను పెట్టి, ఆఫీసుకు వెళ్ళాడు.

వెళ్ళగానే సార్ గదిలోకి పిలుపు వచ్చింది.

"సార్, మొక్కను కొత్త కుండీలో పెట్టేశాను. సాయంత్రం బంగ్లాకు తెచ్చి..."

"వద్దు!" అన్నారు వామనరావు గారు. తర్వాత గొంతు తగ్గించారు. "అంటే, నీ దగ్గరే ఉండనీ. మేడం కూడా అదే అన్నది."

"మరి ఆదివారం ప్రదర్శన సార్?"

"మేడం ఈసారి కాకరకాయలు పెడుతది."

"సార్, పొద్దున జరిగింది..."

"చెప్పాల్సిన పనిలేదు. నేనూ చదువుకున్నోణ్ణే. ఇసొంటివి నమ్మను."

నమ్మనంటూనే ఆయన కాగితాల కట్ట అడుగునుంచి వేణుమాధవ్ పర్మినెంటు కాగితాన్ని పైకి లాగారు. ఆ కంగారులో చేతిలోని పెన్ను జారి కింద పడింది. వేణుమాధవ్ వినయంగా వంగి, తీసి, రెండు చేతులతో అందించాడు.

"ఉంచుకో" అన్నారు వామనరావు గారు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని.

సంతకం మాత్రం సొరుగులోంచి వేరే పెన్ను తీసి పెట్టారు.